పటము, పాట, రంగు

రంగులను గూర్చి రేడియోలో ప్రసంగించుట వింతగా తోచవచ్చును. చెవికి రంగు తెలియదు. అయినను ఈ విషయమును ఎత్తుకొనుటకు మాకొక కారణము కలదు. దానిని ముందుగా మనవి చేసికొందుము.

కొంతకాలము క్రిందట తెలంగాణములోని ఒక పద్మశాలీల వాడకు పటము కథను ధ్వనిముద్రణము చేసికొని వచ్చుటకై వెళ్ళితిమి. కథ మార్కండేయ పురాణము, చెప్పినవారు కూనపులివారు. రాత్రి చాల ప్రొద్దుపోవు వఱకు కథ సాగినది. మఱునాడు స్టూడియోలో టేపు వినగా పాటయు, వంతపాటయు, తాళములును చక్కగానే వచ్చినవి. కాని నడుమ నడుమ కొన్ని మౌనములు వచ్చినవి. కథకుడు "ఇగో, ఇటు జూడుండ్రి" అని ఊరకుండును. పిల్లల గుసగుసలు, ఎవరో ఒక ముసలమ్మ నిట్టూర్పు వినవచ్చును. మరల పాట అందుకొనును. ఆ ఖాళీలు ప్రసారమునకు పనికిరావని కత్తిరింప పూనుకొంటిమి. అప్పుడు మాలో ఒకరు, "ఆ మౌనంలోనే కదండీ యముడు వచ్చింది!" అనిరి.

నిజమే. ఆ క్షణమున కథ చెప్పినది కథకుని నోరు కాదు. పటము మీది రంగు. మా యంత్రము దానిని పట్టలేకపోయినది. రంగు కథను ఎట్లు చెప్పును? దేవతామూర్తి ఆ రంగునకు ఏమి తోడ్పాటు చేయును? నాటినుండి ఈ ప్రశ్నలు మమ్ము విడువలేదు.

ముందుగా ఆ పటమును గూర్చి చెప్పవలెను. ఈ పటములు వ్రాయు చిత్రకారులను నకాషీలందురు. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనుండి 2016లో సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాల, ఈ విద్యకు పేరు తెచ్చిన ఊరు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తిరుమాని బంక కలిపి పట్టించి ఆరవేయుదురు. వెడల్పు ఇంచుమించు మూడడుగులు. పొడవు ముప్పది నలువది అడుగులు కూడ ఉండును. వినాయకునితో మొదలై, కథలోని ఘట్టములు ఒకదాని క్రింద నొకటి వరుసదీరును. పాట సాగినకొలది పటము చుట్ట విప్పబడును.

నకాషీ ఈ పటమును కొనువాని గోడకొఱకు వ్రాయలేదు. కథ చెప్పువాని చేతికొఱకు వ్రాసినాడు. కథ చెప్పువాడును తన ఇష్టము వచ్చిన కథ చెప్పడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణము, రజకులకు మడేలు పురాణము, గౌడులకు గౌడ పురాణము, మాదిగలకు జాంబపురాణము. ఏ కులమువారికి వారి మూలపురుషుని కథ. కావున పటములోని దేవుడు చూచువారికి దూరపు దేవుడు కాడు, ఇంటి పెద్దవంటివాడు. భావనాఋషి విష్ణుమూర్తి నాభికమలపు నూలుతో దేవతలకు బట్టలు నేసెనని విన్నప్పుడు, మగ్గము ముందు దినమంతయు కూర్చుండి వచ్చిన నేతగాని మనస్సు ఎట్లుండునో ఊహించుకొనవచ్చును.

ఇక రంగులు. పూర్వము శంఖములు నూఱి తెలుపు, దీపపు మసితో నలుపు, ఇంగిలీకముతో ఎఱుపు సిద్ధము చేసికొనెడివారు. పటములో నేలయంతయు ఎఱుపే. ఆ ఎఱుపు మీద దేవతలు నీలముగను, దేవేరులు పసుపుగను, రాక్షసులు ముదురు గోధుమ వన్నె లేక నలుపుగను, మానవులు గులాబి ఛాయగను కనబడుదురు. పాట ఇంకను అందుకొనక మునుపే, చంకలోని పిల్లకూడ వచ్చినవాడు దేవుడో దానవుడో చెప్పగలదు. అక్షరము రానివారికి ఇది అక్షరమాలయే.

అయితే రంగునకును భావమునకును సంబంధము నకాషీలు క్రొత్తగా కల్పించినది కాదు. భరతుని నాట్యశాస్త్రము ఆఱవ అధ్యాయమున ప్రతి రసమునకు ఒక వర్ణమును, ఒక అధిదేవతను చెప్పియున్నది. శృంగారము శ్యామము, దేవత విష్ణువు. రౌద్రము ఎఱుపు, దేవత రుద్రుడు. కరుణము పావురపు వన్నె, దేవత యముడు. అద్భుతము పసుపు, దేవత బ్రహ్మ. భావము, రంగు, దైవము అను మూటిని ఒక్క ముడిగా వేసిన ఆలోచన ఇది. దుఃఖమునకు నలుపు గాక పావురపు బూడిదవన్నె చెప్పుటలోని సూక్ష్మత గమనింపదగినది. దుఃఖము చీకటి కాదు. వెలుగు తగ్గిన పగలు.

కాని ఈ పట్టికను చేతబట్టుకొని చేర్యాల పటము ముందు నిలిచినచో చిక్కు వచ్చును. ఎఱుపు రౌద్రమే అయినచో పటమంతయు రౌద్రమే కావలెను! అది నిజము కాదు. ఆ ఎఱుపుమీదనే పెండ్లి జరుగును, ఆ ఎఱుపుమీదనే ఉయ్యాల కట్టుదురు. మాకు తోచినంతవఱకు అక్కడ ఎఱుపు కోపమును గాక శుభమును చెప్పుచున్నది. గుమ్మమునకు దిద్దిన కుంకుమవంటిది.

శ్రీకాళహస్తికి వెళ్ళినచో ఎఱుపు మఱియొక మాట చెప్పును. అచ్చటి కలంకారీలో దేవతలు నీలము, స్త్రీమూర్తులు పసుపు; ఎఱుపు తఱచుగా రాక్షసుల దేహమునకు వచ్చును. అచ్చటి పనివారు కరక్కాయ, పాలలో తడిపిన గుడ్డమీద వెదురుకలముతో రామాయణ భారత ఘట్టములు వ్రాసి, వాని క్రింద తెలుగులో కథయు వ్రాయుదురు. ఇనుపముక్కలు, బెల్లము ఊరవేసిన కసిము గుడ్డమీది కరక్కాయతో కలసి నల్లని గీత యగును. ఎఱుపు మాత్రము తిన్నగా పూయబడదు. పటిక రాసిన చోటులే రంగునీటిలో ఉడికినప్పుడు ఎఱుపెక్కును. ఈ విద్య సన్నగిల్లుచున్న కాలమున, 1950వ దశకములో, కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో అచ్చట శిక్షణము ఏర్పడినది. ఆ సంప్రదాయమును బోధించి, వ్రాసి నిలిపిన జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చినది.

ఒకే ఎఱుపు ఒకచోట ముత్తైదువ, ఒకచోట రాక్షసుడు. లేపాక్షిలో అది మూడవ రూపము ధరించినది. పదునాఱవ శతాబ్దపు వీరభద్రాలయము కప్పుమీది చిత్రములు జగత్ప్రసిద్ధములు. కాని జనము తప్పక అడిగి చూచునది చిత్రము కాదు; గోడమీది రెండు ఎఱ్ఱని మరకలు. ఆలయము కట్టించిన విరూపణ్ణ, రాజధనమును దుర్వినియోగము చేసెనను నిందకు గుఱియై, తన కన్నులు తానే పెఱికి గోడకు విసరెనని ఐతిహ్యము. ఆ కథ విననివానికి అది వట్టి మరక. విన్నవానికి చేయి దానిని తాకుటకు జంకును. రంగు మారలేదు, చూచువాని మనస్సు మారినది.

కావున రంగునకు తనంతట భావము లేదనియే మేము తలచుచున్నాము. వ్రాసినవాడు, చెప్పినవాడు, చూచినవాడు, ఈ మువ్వురి నడుమనున్న ఒడంబడికయే రంగునకు ప్రాణము. దేవతామూర్తి ఆ ఒడంబడికకు సాక్షి.

ఇప్పుడు ఆ రాత్రి మేము చూచిన ఘట్టమును మీ మనోనేత్రము ముందు నిలుపుటకు యత్నింతుము. ఎఱ్ఱని నేల. ఎడమవైపున దున్నపోతునెక్కిన యముడు, కారునలుపు. కుడివైపున శివలింగము, అదియు నలుపే. రెండు నలుపుల నడుమ గులాబి ఛాయ గల పదునాఱేండ్ల బాలుడు లింగమును కౌగిలించుకొని యున్నాడు. మెడ మీద పాశము, ఒక్క తెల్లని గీత. యముని నలుపు భయము. లింగపు నలుపు అభయము. రంగు ఒక్కటే. బాలుడు ఏ నలుపునకు చెందునో ఇంకను తేలలేదు. కథకుడు పాట ఆపి, కఱ్ఱతో ఆ తెల్లని గీతను చూపి ఊరకుండినది ఇచ్చటనే.

కథ ముగిసిన తరువాత ఆ నిట్టూర్చిన అవ్వను పలుకరించితిమి. చిన్ననాటినుండి ఆమె ఈ కథ విన్నది. బాలుడు బ్రతుకునని ఆమెకు తెలియదా? అదే అడిగితిమి. "తెల్వకేం బిడ్డా! ఎన్నిమార్లు జూసినా ఆ పోరన్ని జూస్తె గుండె జల్లుమంటది" అన్నది. రసమును గూర్చి మేము చదివిన గ్రంథములలో ఇంత పొట్టి వ్యాఖ్య కనబడలేదు.

ఇట్టి రాత్రులు నేడు అరుదైనవి. పటము చెప్పువారు తగ్గిరి; కావున పొడుగు పటములు వ్రాయించువారును తగ్గిరి. జీవనము గడచుటకై నకాషీ కుటుంబములు ఒకటి రెండు ఘట్టములను చిన్న చిత్రములుగా వ్రాసి, చట్రములు కట్టి అమ్ముచున్నవి. ముఖములు, బొమ్మలు చేయుచున్నవి. ఇందు తప్పెన్నవలసినది లేదు. ఆ అమ్మకమే లేనిచో కుంచె పట్టు చేయి ఈపాటికి వేఱు పని వెదుకుకొని యుండెడిది. కాని ఒక్క మాట చెప్పక తప్పదు. మా టేపులో పాట మిగిలి రంగు పోయినది. గోడమీది ఆ చిత్రములో రంగు మిగిలి పాట పోయినది. రెండును సగములే. శిథిలమైన పటమును పూర్వము పూజచేసి నదిలో విడిచెడివారు. క్రొత్త పటము వ్రాయించు కథకుడు ఉండెను గనుక పాతది పోయినను లోటు లేకుండెను. నేడు పటమును ప్రదర్శనశాలలో అద్దము వెనుక కాపాడుచున్నాము. ఒడంబడికను కాపాడు అద్దము లేదు.

మీ ఇంట చేర్యాల చిత్రమో, కలంకారీ తెరయో ఉన్నచో, అందలి నల్లనివాడు ఎవరు, పచ్చని ఆమె ఎవరు అని పిల్లలను అడిగి చూడుడు. తెలియదన్నచో ఆ రాత్రి కథ చెప్పుడు. మీకును తెలియనిచో ఇంటిలోని పెద్దలను అడుగుడు. ఆ చిత్రమునకు మనము చేయగల సేవ అంతకంటె లేదు.

టేపు సంగతి చెప్పి ముగింతుము. ఆ మౌనములను మేము కత్తిరింపలేదు. ఆ కథ మా కేంద్రమునుండి ప్రసారమగునపుడు, నడుమ కొన్ని క్షణములు మీకేమియు వినబడదు. రేడియో చెడినదని మీట త్రిప్పకుడు. అప్పుడు అచ్చట ఎఱ్ఱని నేలమీద యముడు వచ్చి నిలిచియున్నాడు.