చెమట దోషము కాదు
(కోనసీమ గ్రామ పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



మన సభలలో రోడ్లను గురించి, మురుగు కాలువలను గురించి, మంచినీటి చెరువులను గురించి తరచుగా చర్చించుచుందుము. నేడు మేము ప్రస్తావింపబోవు విషయము అట్టి చర్చలలోనికి వచ్చునది కాదు. అది చెమట. ఇంత చిన్న సంగతికి సభ యేల అని కొందరు నవ్వవచ్చును. కాని పరీక్ష కాగితము తడిసిపోవు విద్యార్థికి, వేలిముద్ర పడక రేషను దుకాణము వద్ద నిలిచిపోవు కూలికి, అరచేయి జారునేమో యని వెరచుచు కొబ్బరిచెట్టు నెక్కు దింపు కార్మికునికి ఇది చిన్న సంగతి కాదు.

గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ, సముద్రపు టొడ్డున ఉన్న సీమ మనది. 1852 లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువ నీటితో వరి, కొబ్బరి, అరటి విస్తరించినవి. నీరు సమృద్ధిగా ఉన్నచోట గాలిలో తేమయు సమృద్ధిగానే ఉండును. ఈ తేమకును చెమటకును గల సంబంధమును ముందుగా గ్రహింపవలెను.

ఒడలు వేడెక్కినప్పుడు చర్మములోని స్వేద గ్రంథులు నీటిని వెలువరించును. ఇవి ఒక్కొక్కరికి 20 లక్షల నుండి 40 లక్షల వరకు ఉండును. చెమట కారుటవలన చల్లదనము కలుగదు. అది ఆవిరియగుటవలన కలుగును. ఒక లీటరు చెమట ఆవిరియైనచో సుమారు 580 కిలో కేలరీల వేడి శరీరమును విడిచిపోవును. పొడిగాలి వీచు ప్రాంతములలో చెమట పట్టినది పట్టినట్లే ఆరిపోవును. మన తేమగాలిలో అది త్వరగా ఆరదు. చొక్కా తడియును గాని ఒడలు చల్లబడదు. కావున వేసవిలో అమలాపురములోను, రాజోలులోను, కొత్తపేటలోను అందరికిని చెమట ఎక్కువగా కనబడుట సహజము. ఇది రోగము కాదు.

కొందరి సంగతి వేరు. ఎండ లేకున్నను, శ్రమ లేకున్నను వారి అరచేతులు, అరికాళ్ళు, చంకలు, ముఖము తడిసిపోవుచుండును. దీనిని వైద్యులు హైపర్‌హైడ్రోసిస్ అందురు. మనము అతిచెమట యనుకొందము. సాధారణముగా ఇది బాల్యములోనో యౌవనారంభములోనో మొదలగును, రెండు ప్రక్కల సమానముగా ఉండును, నిద్రలో ఆగిపోవును. ఒకే కుటుంబములో పలువురికి ఉండుటయు కద్దు. అమెరికాలో 2016 లో ప్రకటించిన ఒక పరిశీలన ననుసరించి అచటి జనులలో నూటికి సుమారు 5 గురికి ఇది కలదు. వారిలోను సుమారు సగము మందియే వైద్యునితో చెప్పుకొనిరి. చదువుకొన్నవారి దేశములోనే సిగ్గు ఇంత పని చేసినచో, మన గ్రామములలో ఎందరు నోరు మెదపక బాధపడుచున్నారో ఊహింపుడు.

ఈ విషయమై ప్రచారములో నున్న కొన్ని అపోహలను చూతము.

మొదటిది, చేతులు చెమర్చువాడు పిరికివాడనియు, అతనికి నరాల బలహీనత యనియు అనుకొనుట. నిజమునకు స్వేద గ్రంథులను నడుపు నరములు అవసరమునకు మించి ఆజ్ఞలిచ్చుటయే ఇందలి లోపము. ఆందోళనవలన చెమట హెచ్చును గాని ఆందోళనయే మూలము కాదు. పదిమందిలో హేళన చేసినచో ఆ పిల్లవానికి మరింత చెమట పట్టును. నరాల బలమునకని సంతలో అమ్ము మందులవలన సొమ్ము పోవుటయే గాని ఫలము లేదు.

రెండవది, ఇది అపరిశుభ్రత యనియు, అంటుకొనుననియు తలచుట. చెమటకు స్వతహాగా వాసన దాదాపు లేదు. చర్మముపై నుండు సూక్ష్మజీవులవలన వాసన పుట్టును. అతిచెమట ఒకరినుండి ఒకరికి అంటదు. కాని ఎల్లప్పుడు తడిగా నున్న వ్రేళ్ళ సందులలో, గజ్జలలో తామర సులభముగా వ్యాపించును. తామర మాత్రము అంటువ్యాధియే. దుకాణములో అడిగి తెచ్చుకొను స్టెరాయిడు పూతలు తామరను అణచినట్లు కనిపించి ముదురజేయును.

మూడవది, నీరు తక్కువ త్రాగినచో చెమట తగ్గునను భ్రమ. ఇది ప్రాణాంతకము. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు వేయిమందికి పైగా మరణించిరి. 2015 లో మరల అట్టి విపత్తు సంభవించెను. ఎండలో పనిచేయువారు దప్పిక కాకముందే నీరు త్రాగుచుండవలెను.

నాల్గవది, కొబ్బరినీళ్ళు త్రాగిన చాలునని మన సీమవారి నమ్మకము. కొబ్బరినీళ్ళు మంచివే. కాని వానిలో పొటాషియము ఎక్కువ, సోడియము తక్కువ. చెమటలో పోవునది ముఖ్యముగా ఉప్పు. కావున విపరీతముగా చెమటోడ్చినవారికి ఉప్పు వేసిన మజ్జిగగాని, ఒక లీటరు నీటిలో ఒక పొట్లము కలిపిన ఓ.ఆర్.ఎస్. గాని ఇయ్యవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు, రక్తపోటు గలవారు వైద్యుని సలహా పొందవలెను.

ఐదవది, చెమటతో విషము పోవును గనుక దానిని ఆపరాదనుట. దేహములోని మలినములను తొలగించు ముఖ్యమైన పని మూత్రపిండములది, కాలేయముది. అరచేతుల చెమటను చికిత్సతో తగ్గించుటవలన విషము లోపల నిలువదు.

చికిత్స కలదు. వైద్యుని సలహాపై అల్యూమినియం క్లోరైడు ద్రావణమును రాత్రి పొడి చర్మమునకు పూసి ఉదయము కడుగుట మొదటి మెట్టు. చేతులను నీటిలో నుంచి స్వల్ప విద్యుత్తును పంపు పద్ధతియు కలదు. దానిని వైద్యుల పరికరముతోనే చేయవలెను, ఇంటి కరెంటుతో ఎన్నడును ప్రయత్నింపరాదు. మాత్రలు, బొటులినం సూదిమందులు కూడ కలవు. నరమును కత్తిరించు శస్త్రచికిత్స కడపటిది. దాని తరువాత వీపునను పొట్టపైనను చెమట హెచ్చవచ్చును గనుక తొందరపడరాదు.

కొన్ని చెమటలు వేరొక వ్యాధికి హెచ్చరికలు. రాత్రులు పక్క తడియునంతగా చెమటపట్టి, దగ్గును బరువు తగ్గుటయు ఉన్నచో క్షయ పరీక్ష చేయింపవలెను. బరువు తగ్గుచు గుండె దడదడలాడుచున్నచో థైరాయిడు పరీక్ష అవసరము. మధుమేహమునకు మందు వాడువారికి హఠాత్తుగా చెమట, వణుకు వచ్చినచో, స్పృహ ఉన్నంతలో వెంటనే పంచదార నీరు త్రాగింపవలెను. గుండెనొప్పితో చల్లని చెమట పట్టినచో క్షణమైనను ఆలసింపక 108 కు ఫోను చేయవలెను.

ఇక పంచాయతీ చేయదగిన పనులు. రాజ్యాంగము 11 వ షెడ్యూలులో ఆరోగ్యమును, పారిశుద్ధ్యమును పంచాయతీల విషయములలో చేర్చినది. కూలిపని జరుగు ప్రతిచోట త్రాగునీరు, నీడ ఉన్నవో లేవో సభ్యులు స్వయముగా చూడవలెను. తడిచేతుల వారిచేత గుడ్డతో తుడిపించి వేలిముద్ర తీయించవలెను. అయినను పడనిచో, ఆధార్‌లో కనుపాప, ముఖ గుర్తింపు పద్ధతులు కూడ కలవు గనుక వానిని వినియోగింపుమని అడుగవలెను. యంత్రము గుర్తింపలేదని ఎవరిని వట్టిచేతులతో పంపరాదు. పరీక్షలలో చేతిరుమాలును, కాగితము క్రింద అట్టను అనుమతింపుమని ఉపాధ్యాయులతో మాట్లాడవలెను. దింపు కార్మికుడు చేయి తడిగా ఉన్నదన్నచో, ఆ పూట చెట్టు దిగనిచ్చి, కూలి కోయక వేరు పని చూపవలెను. ఆశా కార్యకర్తతో చెప్పి, అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకును, అచటినుండి చర్మవైద్యుని వద్దకును పంపవలెను.

వీనిలో చాలవాటికి నిధులు అక్కరలేదు. తీర్మానము కూడ అక్కరలేదు. తడిసిన చేతిని చూచి మొగము ప్రక్కకు త్రిప్పుకొనకుండిన చాలును. మన సీమలో ప్రతి పంటయు ఎవరో ఒకరి చెమటవలన పండినదే. ఆ చెమటను మనము చులకన చేయుట తగదని మనవి చేయుచు సెలవు తీసుకొనుచున్నాము.