అమ్మ పెళ్ళిచీర, అఖ్మీమ్ పట్టు ముక్కలు

భోజనాలు అయిపోయి ఉంటే సరే, కాకపోతే రేడియోని వంటింట్లోకి పట్టుకెళ్ళండి. ఈ వారం కబుర్లు కాస్త పాతకాలంవి, ఒక పదిహేను వందల ఏళ్ళ నాటివి.

ముందు మా ఇంటి సంగతి. అమ్మ పోయి రెండేళ్ళయింది. ఆవిడ పెళ్ళిచీర, వంకాయరంగు ధర్మవరం పట్టు, నా బీరువాలో ఉంది. డల్లాస్‌లో ఉన్న మా అక్క మొన్న ఫోన్‌లో, "నీ బీరువాలో మగ్గితే ఎవరికి లాభమే? మూడు ముక్కలు చేద్దాం. మా అమ్మాయికీ, మీ అమ్మాయికీ, తమ్ముడి కూతురికీ తలా ఒక జాకెట్టు వస్తుంది" అంది. కత్తెర తీసుకున్నాను. చెయ్యి ఆడలేదు.

ఆ శనివారమే పిల్లల్ని తీసుకుని లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకి వెళ్ళాను. అక్కడి సేకరణలో ఈజిప్టులోని అఖ్మీమ్ ఊరి శ్మశానాల్లో దొరికిన బట్టలు చాలా ఉన్నాయి. పొడి ఇసుక కాబట్టి చెడలేదు. చూస్తే అన్నీ ముక్కలే! ఆరా తీస్తే తెలిసింది: ఆ రోజుల్లో నార చొక్కాల మీద పట్టు అంచులు, పట్టు బిళ్ళలు కుట్టుకునేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో తవ్వినవాళ్ళు, అమ్మినవాళ్ళు బొమ్మ ఉన్నంత మేర కత్తిరించుకుని, సాదా గుడ్డ పారేశారు. చొక్కా ఎంత పొడవో, ఎవరు తొడుక్కున్నారో తెలిపే ఆధారం అలా పోయింది.

వీళ్ళని మించినవాడు ఆఖెన్ ఊరి మతాచార్యుడు ఫ్రాంజ్ బాక్. చర్చిల్లో పాత పట్టుబట్టలు ఎక్కడున్నా వెతికి పట్టుకోవడం, ఒకే గుడ్డను కోసి నాలుగు మ్యూజియాలకు అమ్మడం ఆయన పని. జనం ఆయనకి 'కత్తెర బాక్' అని పేరు పెట్టారు. మా అక్కతో ఈ మాట అంటే కోపం వచ్చింది లెండి.

ఇంతకీ ఆ పట్టు మీద ఏమిటి బొమ్మలు? మొదట్లో వేటగాళ్ళు, సింహాలు, పూలు. తర్వాత బైబిల్ కథలు. స్విట్జర్లండ్‌లో అబెగ్ సంస్థ దగ్గర మరియమ్మ కథ నేసిన పట్టు ఉంది, దాదాపు 400 నాటిది. సమ్సోను సింహం నోరు చీలుస్తున్న నమూనా ఇంకొకటి; దాని ముక్క ఒకటి వాషింగ్టన్ డంబార్టన్ ఓక్స్‌లో ఉంది. అందులో ఒక వరుసలో సమ్సోను ఇటు తిరిగితే పక్క వరుసలో అటు తిరుగుతాడు. మగ్గం మీద ఒకసారి కట్టుకున్న నమూనాని అద్దంలోలా తిప్పి నేస్తే సగం శ్రమ మిగులుతుంది. అక్షరాలు నేసినప్పుడు మాత్రం చిక్కు. అఖ్మీమ్ పట్టు మీద 'జకరియా' అన్న గ్రీకు పేరు ఒక పక్క సరిగ్గా, రెండో పక్క తిరగబడి ఉంటుంది. నేతపని తెలిసినవాళ్ళకి నవ్వొస్తుంది. ఈ రకం నేతలో పడుగు లోపల దాగుండిపోతుంది, పైకి కనిపించే రంగంతా పేకదే.

ఖరీదు వింటే గుండె ఝల్లుమంటుంది. 301లో డయోక్లీషియన్ చక్రవర్తి ప్రకటించిన ధరల పట్టీలో ఊదారంగు పట్టు పౌను లక్షా యాభై వేల దినారాలు. అదే పట్టీలో పౌను బంగారం 72,000. పొలం కూలికి తిండి పెట్టి రోజుకి 25. అంటే ఆరువేల రోజుల కూలి! పట్టు తూర్పు నుంచి రావాలి, దారిలో పారశీకులు కూర్చున్నారు. చివరికి 552 ప్రాంతంలో కొందరు సన్యాసులు పట్టుపురుగు గుడ్లు తెచ్చి జస్టీనియన్ చక్రవర్తికి ఇచ్చారట. గుడ్లని పేడలో కప్పి వెచ్చగా ఉంచి పిల్లలు చేయించారని ప్రొకోపియస్ అనే చరిత్రకారుడు రాశాడు.

ఇంత ఖరీదు బట్ట మీద దేవుడి కథలు వేసుకు తిరగడం అందరికీ నచ్చలేదు. ఇప్పటి టర్కీలో ఉన్న అమాసియా ఊరి బిషప్ ఆస్టీరియస్, 400 ప్రాంతంలో, తన ప్రసంగంలో ధనవంతుల్ని ఉతికి ఆరేశాడు. కానా పెళ్ళి, మంచం మోసుకెళ్ళే పక్షవాత రోగి, లాజరు లేవడం, ఇవన్నీ బట్టల మీద వేయించుకుని బజారుకొస్తే నడిచే గోడ బొమ్మల్లా ఉన్నారనీ, పిల్లలు వేలు చూపించి నవ్వుతున్నారనీ అన్నాడు. అవి అమ్మేసి, దేవుడి పోలికలో ఉన్న బీదవాళ్ళని చూసుకోండి అన్నాడు. మన పెళ్ళిళ్ళ చీరల బిల్లులు చూస్తే ఆయన ఏమనేవాడో!

నాకు అన్నిటికన్నా నచ్చింది వాటికన్‌లో ఉన్న పట్టు. సుమారు 800 నాటిది. ఎర్ర నేల మీద పూల వలయాలు, ఒక్కో వలయంలో మరియ దగ్గరికి దేవదూత వస్తున్న బొమ్మ. ఆమె పక్కన నూలు బుట్ట. బైబిల్లో ఆ బుట్ట లేదు. యాకోబు పేరుమీద చలామణీ అయిన పాత కథలో ఉంది: గుడి తెర కోసం ఊదారంగు నూలు వడుకుతుండగా దూత వచ్చాడని. వడికే అమ్మాయి బొమ్మని నేతగాడు ఎంత ఇష్టంగా నేసి ఉంటాడు!

ఇది ఎలా మిగిలిందంటే, రోములో పోపుల సొంత ప్రార్థనామందిరంలో, పవిత్ర వస్తువుల మధ్య దాగి ఉండి, 1900ల మొదట్లో బయటపడింది. అలాంటి వస్తువులకి చుట్టడానికి కోసిన చిన్న గుడ్డలే చాలాచోట్ల మిగిలాయి. రాజులు కట్టిన నిలువెత్తు బట్టలు దాదాపు ఏవీ లేవు. ఆ చొక్కాల అంచుల్ని కూడా, నార చిరిగాక, విప్పి కొత్త చొక్కాకి కుట్టుకునేవారు. మా అమ్మమ్మ జరీ అంచు విప్పి వేరే చీరకి వేయించినట్టే. ఈ ముక్క అక్కకి చెప్పలేదు, చెబితే గెలుస్తుంది.

ఇంటికొచ్చి అమ్మ చీర తీశాను. ఒకే మడత మీద ఇన్నేళ్ళు ఉండటంతో మడత వెంట పట్టు గీతలు గీతలుగా చిట్లుతోంది. మా పెద్దది చూసి, "కొయ్యద్దమ్మా, వంతులేసుకుని కట్టుకుంటాం" అంది. మూడు దేశాల మధ్య వంతులు! వచ్చే ఆదివారం అక్క, తమ్ముడు, నేను ఫోన్‌లో కూర్చుంటాం. అప్పటిదాకా చీరని మడత మార్చి, తెల్ల మల్లుగుడ్డలో చుట్టి పెట్టాను. ఉంటాను మరి.