నల్లరేగడిలో మరుగుదొడ్డి: అప్పుకు ముందు నేలను చూడండి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సభ్యురాలి ప్రసంగం)

మైకు పట్టుకుని మాట్లాడటం నాకు అలవాటు లేదు. నేను పడిన ఇబ్బంది ఇంకొకరు పడకూడదని లేచాను.

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. మరుగుదొడ్డికి 12,000 రూపాయలు ఇస్తామన్నారు. అప్పటిదాకా మా అత్త, నా కూతురు, నేను చీకటి పడేదాకా ఆగి చేలగట్టుకు పోయేవాళ్లం. ఆ డబ్బు గదికే సరిపోతుందని, సంఘంలో 30,000 అప్పు తీసుకుని సెప్టిక్ ట్యాంకు, పక్కనే ఇంకుడు గుంత కట్టించాం.

మే నెలలో గుంత తవ్వారు. మేస్త్రి నాలుగు బిందెలు పోసి, "చూడమ్మా, ఎట్లా తాగేస్తుందో" అన్నాడు. నేనూ నమ్మాను. మన పెదకాకాని నేల మనకు తెలియనిదా? ఎండాకాలం కాలు దిగబడేంత నెర్రెలు. వాన పడితే ఉబ్బి మూసుకుపోతుంది, చుక్క దిగదు. ఆ రోజు నీళ్లు తాగింది నేల కాదు, నెర్రెలు! శ్రావణంలో వానలు పట్టేసరికి గుంత నిండింది, ట్యాంకు నిండింది, దొడ్లో నీళ్లు పైకి తన్నాయి. వాయిదాలు కడుతూనే మళ్లీ చేలగట్టుకు పోయాం.

"లోపలికి దిగి ఏం అడ్డుపడిందో చూస్తా వదినా" అని మా మరిది మూత తీశాడు. చెయ్యి పట్టి లాగేశాను. అక్కలారా, ఇది గుర్తుంచుకోండి. ట్యాంకులో విషవాయువు ఉంటుంది. ఎక్కువైతే వాసన కూడా తెలియనివ్వదు. దిగినవాడు పడిపోతే, వాణ్ణి తీయబోయినవాడూ పడిపోతాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. పంపు లారీనే పిలవాలి.

తప్పు ట్యాంకుది కాదు, నీళ్లు పోయే దారిది. మడ్డి అడుగున దిగుతుంది కానీ, నీళ్లు ఎంత పోస్తే అంత బయటికి రావాల్సిందే. అందుకని గుంత మానేసి, దొడ్లో మెరక చోట రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, ఇరవై అడుగుల పొడుగు కాలువ తీశాం. కంకర పోసి, చిల్లుల పైపు పరిచి, పైన గోనెపట్టాలు వేసి మట్టి కప్పాం. పక్కన అరటి పిలకలు నాటాం. నేల పీల్చలేని నీళ్లను ఎండా, చెట్టూ పీలుస్తాయి. స్నానం నీళ్లు, చూరునీళ్లు అటు రాకుండా మళ్లించాం. ముసురు పట్టినప్పుడు ఇప్పటికీ నీళ్లు పొదుపుగానే పోస్తాం. కానీ మళ్లీ చేలగట్టుకు పోలేదు.

నేను కోరేది ఒక్కటే. మరుగుదొడ్డికి అప్పు మంజూరు చేసే ముందు సంఘం తీర్మానం పుస్తకంలో ఈ మూడూ రాయించండి.

ఒకటి, నేల పరీక్ష. చిన్న గుంత తవ్వి, రాత్రంతా నీళ్లు నిలిపి నేల ఉబ్బనివ్వండి. మర్నాడు మళ్లీ పోసి పుల్లతో కొలవండి. గంటకు అంగుళం కూడా దిగకపోతే ఇంకుడు గుంతకు డబ్బు పెట్టొద్దు.

రెండు, ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు ఎటు పోతాయో మేస్త్రి చేత ముందే చెప్పించండి. జంట గుంతలు కట్టుకునేవాళ్లు చుట్టూ అడుగు మందం ఇసుక పోయించుకోండి.

మూడు, పంపు లారీ పైపు అందేచోటే ట్యాంకు కట్టాలి.

అప్పు మనది, వాయిదా మనది. అడిగే హక్కూ మనదే. సెలవు.