పాత ఇల్లు – పాత కాగితాలు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం "మన పాత ఇండ్లు". కోటల గురించి, గడీల గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఇంటిని కాగితాల వైపు నుండి చూడడమే నాకు తెలుసు. కనుక తాండూరులోని మా తాతగారి ఇంటినే ఉదాహరణగా తీసుకుంటాను.

ఆ ఇంటి దస్తావేజు ఉర్దూలో ఉన్నది. సంవత్సరం ఫసలీ 1340. హైదరాబాదు రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది. దానికి 590 కలుపుకుంటే, అది 1930-31 అవుతుంది. అప్పటికే సికింద్రాబాదు–వాడి రైలుమార్గం వచ్చి (1874) యాభై ఏండ్లు దాటింది. గోడలు మట్టివే గాని, కింద పరిచినవి తాండూరు బండలు. మన నాపరాయి సున్నపురాయి జాతిది. పొరలు పొరలుగా ఉంటుంది కనుక పలకలుగా విడదీయవచ్చు. నీలం బండ, పసుపు బండ రెండూ మా ఇంట్లో ఉండేవి. ఎండాకాలం మధ్యాహ్నాలు చాప కూడా లేకుండా వాటిమీదే పడుకునేవాళ్ళం.

ఇల్లు ఉన్నచోటనే ఉండగా జిల్లా మాత్రం మూడుసార్లు మారింది. 1956 నవంబరు 1 వరకు తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలోనిది. రాష్ట్రాల పునర్విభజనలో హైదరాబాదు జిల్లాకు వచ్చింది. 1978లో రంగారెడ్డి జిల్లా, 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా అయింది. మా కాగితాల కట్టలో ఈ నాలుగు పేర్లూ ఉన్నవి. గుల్బర్గా పేరు చూసి మా మనుమడు, "ఇది మన ఇంటిది కాదేమో తాతా" అన్నాడు.

ఇక అసలు సంగతి. కొన్నేండ్ల క్రితం మా తమ్ముల పిల్లలు ఇల్లు అమ్మదలచినారు. పెరట్లో చేదబావి ఒకటి ఉన్నది. అందులో సగం తమదని పక్కింటివారు, కాదని మావాళ్ళు. బావి ఎండి ఏండ్లయింది గాని, జాగాకు ధర పెరిగింది. మాట దావా దాకా పోయింది. దస్తావేజు చదవగలిగినవారు ఇంట్లో ఎవరూ లేరు. చివరికి వికారాబాదులో ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయులు దొరికినారు. అది గొలుసుకట్టు రాత. భూతద్దం పెట్టి రెండు రోజులు చదివినారు. నాలుగు హద్దులు చెప్పిన తర్వాత ఆఖరు పంక్తిలో ఉన్నది: బావి ఉభయ కుటుంబాలకు ఉమ్మడి.

మావాళ్ళ ముఖాలు చిన్నబోయినవి. "పెద్దనాయనా, ఆ కాగితం బయట పెట్టకు" అన్నాడొకడు. ముప్పై ఏండ్లకు పైగా పరుల దస్త్రాలు కాచినవాణ్ణి, సొంత ఇంటి దస్త్రం ఎట్లా దాచేది? నకలు పక్కింటివారికి కూడా ఇచ్చినాను. దావా తప్పింది. బావి జాగా వదిలి మిగతాది అమ్మినారు. ఇప్పుడు ఇల్లు లేదు, బావి ఉన్నది. రెండు ఇండ్లవాళ్ళు పెండ్లిళ్ళకు పిలుచుకుంటున్నారు.

మిత్రులారా, మీ ఇండ్లలోనూ ఇటువంటి కట్టలు ఉంటాయి. ఆ రాత చదవగలిగినవారు ఉండగానే చదివించి, తెలుగులో రాయించి పెట్టండి. ఫసలీ పక్కన ఇంగ్లీషు సంవత్సరం వేయండి. ఫోటో తీసి పిల్లలందరికీ ఇవ్వండి. అసలు కాగితానికి ప్లాస్టిక్ అతికించవద్దు. ఉర్దూ తెలిసిన సభ్యుల జాబితా ఒకటి మన సంఘం తయారు చేయాలని కోరుతున్నాను.