మిగిలిన సరుకు ఎవరిది?



శనివారం సాయంత్రం చుట్టాలు వస్తున్నారని పిల్లవాణ్ణి వీధి చివర కొట్టుకు పంపిస్తాం. "జంతికలు అయిపోయాయిటమ్మా" అంటూ వట్టి సంచీతో తిరిగి వస్తాడు. మరో వారం వెళితే అదే కొట్లో అవే జంతికలు మెత్తబడి, నూనె వాసన కొడుతూ, అడిగే దిక్కులేక పడి ఉంటాయి. కొట్టతనికి వ్యాపారం చేతకాదని విసుక్కుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని. కాని ఆ కొట్టుకు సరుకు వేస్తున్నది మా వదినగారే కావడంవల్ల అసలు సంగతి తెలిసివచ్చింది. చిక్కు ఆయన తెలివితేటల్లో లేదండీ, వాళ్ళిద్దరి మధ్యా ఉన్న బేరంలో ఉంది.

వదినగారంటే మావారి అక్కగారు. ఇంట్లోనే జంతికలు వండి పాకెట్లు కట్టి కొట్లకు వేస్తారు. చేతి రుచికి పేరున్న మనిషి. పాకెట్టుకు పిండి, నూనె, గ్యాసు, సంచీ అన్నీ కలిపి ఇరవై రూపాయలు పడుతుందనుకోండి. కొట్టుకు 35కి ఇస్తారు, ఆయన 50కి అమ్ముతాడు. అంకెలు లెక్కకు తేలికగా ఉండాలని గుండ్రంగా చెబుతున్నాను.

మా వీధి కొట్టతను రొక్కం ఇచ్చి కొనేవాడు. మిగిలినవి ఆయన ఖర్మ. వారానికి 20 పాకెట్లకు మించి తీసుకునేవాడు కాదు. "పిసినారి, నలభై వేసుకుంటే ఏం పోయింది?" అని వదినగారు సణిగేవారు. అలాంటి సమయంలో బజారులో ఒక పెద్ద దుకాణంవారు పిలిచి, "మీరు ఎన్ని పాకెట్లిచ్చినా వేసుకుంటాం, అమ్ముడుపోనివి మాత్రం పూర్తి ధరకు వెనక్కి తీసుకోవాలి" అన్నారు. ఆవిడ సంబరపడిపోయారు. నోటిమాట, కాగితం లేదు. ప్రతి వారం 40 పాకెట్లు వెళ్ళేవి. ఒక వారం అన్నీ అమ్ముడయ్యేవి, ఒక వారం సగం తిరిగి వచ్చేవి. వాటిని ఏ వెనక అరలోనో పెట్టేవారుట. మిగిలితే తమకు పోయేదేముంది గనుక? పైగా రావలసిన డబ్బు మూడు నెలలకు గాని చేతికి రాలేదు. ఈలోగా నూనె కొట్లో బాకీ పెరిగి, వదినగారి చేతి గాజుల జత తాకట్టుకు వెళ్ళింది. ఆ సంగతి అన్నయ్యగారికి చాలారోజులు తెలియనివ్వలేదు.

ఒక మధ్యాహ్నం నా దగ్గర కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "నా సరుకు బాగాలేదేమో, మానేస్తాను వదినా" అన్నారు. సరుకు బాగానే ఉంది. ఇద్దరం పాత క్యాలెండరు కాగితం వెనక లెక్క వేశాం. మీరు కూడా పెన్సిలు తీసుకోండి, కష్టమేమీ కాదు.

ఒక వారం 20 పాకెట్లు అడుగుతారు, ఒక వారం 40 అడుగుతారు, ఏ వారం ఏదో ముందుగా తెలియదు. మా వీధి కొట్టతని స్థానంలో కూర్చుని చూడండి. ఇరవై ఒకటో పాకెట్టు అమ్ముడుపోతే ఆయనకు వచ్చేది 15, మిగిలిపోతే పోయేది 35. అమ్ముడయ్యేదీ మిగిలేదీ సగంసగం అవకాశమైనప్పుడు ఎవరైనా కొంటారా? ఆయన పిసినారి కాదు, లెక్క తెలిసిన మనిషి. అలా 20తో సరిపెట్టుకుంటే వదినగారికి వారానికి వచ్చే లాభం 300. ఇక పెద్ద దుకాణం బేరం చూడండి. మంచి వారం ఆవిడకు 600 లాభం. చెడ్డ వారం అమ్ముడయిన ఇరవైమీద 300 వచ్చి, తిరిగివచ్చిన ఇరవైమీద 400 పోయి, చివరకు 100 నష్టం. రెండు వారాలూ కలిపి సగటు చేస్తే 250. అంటే రెట్టింపు పిండి కలిపి, రెట్టింపు సేపు పొయ్యి దగ్గర నిలబడి, అంతకుముందుకన్నా తక్కువ సంపాదించారన్నమాట! దుకాణానికి మాత్రం సగటున 450 మిగిలింది. ఆవిడ శ్రమకు నేను కూలి కట్టలేదు సుమండీ. మన శ్రమకు మనమే కూలి కట్టుకోం, అది వేరే కథ.

మరి మధ్యేమార్గం లేదా? ఉంది. మిగిలిన పాకెట్టును వదినగారు 35కి కాకుండా 25కి వెనక్కి తీసుకుంటే? అప్పుడు మిగిలిన పాకెట్టుకు కొట్టతనికి పోయేది 10, ఆవిడకు పోయేది 10. అమ్ముడయితే చెరి 15. ఇప్పుడు కొట్టతను భయం లేకుండా 40 వేసుకోగలడు, పది పోతుంది గనుక అశ్రద్ధగానూ ఉండడు. మంచి వారం ఇద్దరికీ 600, చెడ్డ వారం ఇద్దరికీ 100, సగటున చెరి 350. ఇద్దరూ మునుపటికన్నా బాగుపడ్డారు. మీ పిల్లవాడు వట్టి సంచీతో తిరిగి రాడు. ఎవరూ జంతిక ఒక్క పైసా ఖరీదు పెంచలేదు. మారిందల్లా మిగిలిన సరుకు భారం ఎవరెంత మోయాలన్న మాటే.

ఇది మేము కనిపెట్టిన వింతేమీ కాదు లెండి. బారీ పాస్టర్నాక్ అనే అమెరికా ప్రొఫెసరు 1985లోనే దీన్ని గణితంతో చూపించారు. త్వరగా పాతబడిపోయే సరుకు విషయంలో అసలు వాపసు తీసుకోకపోయినా, అంతా పూర్తి ధరకు వాపసు తీసుకున్నా ఉత్పత్తిదారూ దుకాణమూ కలిసి సంపాదించగలిగినంత సంపాదించలేరనీ, కొంత ధరకు వాపసు తీసుకుంటే ఇద్దరికీ కుదురుతుందనీ ఆయన తేల్చారు. పుస్తకాల వ్యాపారంలో వాపసు పద్ధతి అంతకుముందునుంచే ఉంది. అక్కడ చౌకరకం నవలలు అమ్ముడుపోకపోతే పుస్తకం మోసుకుపోయే ఖర్చు కూడా దండగని, అట్ట మాత్రం చింపి పంపేవారు. పుస్తకాలంటే ప్రాణం పెట్టేవాళ్ళకు వినడానికే బాధ.

సినిమా కేసెట్ల కథ ఇంకా సరదాగా ఉంటుంది. అమెరికాలో బ్లాక్‌బస్టర్ అని వీడియో కేసెట్లు అద్దెకిచ్చే కొట్ల కంపెనీ ఒకటి ఉండేది. కొత్త సినిమా కేసెట్టు ఒక్కొక్కటి సుమారు 65 డాలర్లకు కొనాలి, అద్దె వచ్చేదేమో మూడు నాలుగు డాలర్లు. కొత్త సినిమా మోజు కొద్ది వారాలే గదా! అందుకని తక్కువ కేసెట్లు కొనేవారు, జనం దొరక్క తిరిగిపోయేవారు. 1998లో సినిమా కంపెనీలతో ఒప్పందం మార్చుకున్నారు. కేసెట్టు సుమారు 8 డాలర్లకే ఇస్తారు, బదులుగా వచ్చే అద్దెలో వాటా తీసుకుంటారు. దాంతో అరల నిండా కేసెట్లే. అయితే అద్దె ఎంత వచ్చిందో కొట్టువారు నిజం చెప్పాలి, చెప్పారని అవతలివారు చూసుకోగలగాలి. లేకపోతే వాటాల బేరం నిలవదు. (ఆ కంపెనీ 2010లో దివాలా తీసింది. అప్పటికి కేసెట్ల కాలమే పోయింది. ఎంత మంచి ఒప్పందమైనా దానికేం చేస్తుంది?)

ఈ లెక్క చెవిన వేస్తే బజారు దుకాణంవారు నవ్వి ఊరుకున్నారు. మా వీధి కొట్టతను ఒప్పుకున్నాడు. ఒక తెల్లకాగితం మీద రాసుకున్నారు: వారానికి ఎన్ని పాకెట్లు, ఏ రోజు వేయాలి, వాపసు సోమవారం పొద్దున్నే, విప్పని పాకెట్టయితేనే 25, లెక్క పదిహేను రోజులకొకసారి. మొదట వదినగారికి మొహమాటం. "రోజూ చూసుకునే మనిషి దగ్గర కాగితమేమిటి, బాగుంటుందా?" అన్నారు. 1872నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది. నిజమే. కాని తగువు వచ్చిన రోజున ఆ నోటిమాటకు సాక్ష్యం ఎవరు?

డబ్బు ఆలస్యం సంగతి ఒక్కమాట చెబుతాను. 2006లో వచ్చిన చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉన్న చిన్న తయారీదారుకు కొన్నవారు ఒప్పుకున్న గడువులో డబ్బు ఇవ్వాలి. ఆ గడువు ఎంత పెట్టుకున్నా 45 రోజులకు మించరాదు. గడువేదీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. ఇంట్లో వండి అమ్మే ఆడవాళ్ళలో ఎంతమంది ఈ రిజిస్ట్రేషను చేయించుకున్నారో గాని, మా వదినగారు మాత్రం గాజులు పోయాక చేయించుకున్నారు.

ఆ గాజులు మొన్న సంక్రాంతికి విడిపించుకున్నారు. ఇప్పుడు కొత్త పేచీ ఒకటి వచ్చింది. వానాకాలంలో పాకెట్లు తొందరగా మెత్తబడుతున్నాయి, వాపసు 25 ఆవిడకు బరువే. ఆ రెండు నెలలూ 22 చెయ్యమని ఆవిడ, 40 బదులు 30 వేసుకుంటానని ఆయన. కాగితం మళ్ళీ బల్లమీదికి వచ్చింది. ఈసారి క్యాలెండరు వెనక లెక్క ఆవిడే వేసుకుంటున్నారు.