తడిసినా నిలిచే పలక



మన జైపూర్ మండలం అనగానే అందరికీ గుర్తొచ్చేది పెగడపల్లి దగ్గరి సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రం, దాని 1200 మెగావాట్లు. నేను మాత్రం చుట్టూ ఉన్న పత్తి చేన్ల గురించి మాట్లాడతాను. పత్తి ఏరడం అయిపోయాక కట్టె పీకి, కుప్పవేసి కాల్చేస్తున్నాం. ముంబైలోని పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ సిర్కాట్ శాస్త్రవేత్తలు అదే కట్టెతో పార్టికల్ బోర్డు చేసి చూపించారు. నా ఆశ ఇంకా పెద్దది. కట్టె బెరడులోని నారతో షీట్లు తీసి, రెజిన్ పట్టించి, పొరలు పేర్చి వేడిగా నొక్కితే బస్సు లోపలి పలకలు రావాలి. 1930లలోనే ఇంగ్లండులో నార్మన్ డి బ్రూయిన్ అవిసె నారకు ఫినాల్ రెజిన్ కలిపి విమాన భాగాల కోసం ఇలాంటి పదార్థం తయారుచేశాడు.

నార గట్టిదైనంత మాత్రాన షీటు గట్టిదవదు. నారకూ నారకూ మధ్య ఏర్పడే హైడ్రోజన్ బంధాలే షీటును నిలబెడతాయి. 1942 నుంచి కాగితం తీసిన మన కాగజ్‌నగర్ మిల్లులాంటి చోట గుజ్జును నలగ్గొట్టేది (బీటింగ్) అందుకే. నార పైపొర చిట్లి సన్నని పోగులు లేస్తాయి, నారలు ఒకదాన్నొకటి తాకే చోటు పెరుగుతుంది. అతిగా చేస్తే నారే తెగుతుంది. షీటు మరీ బిగుసుకుంటే రెజిన్ లోపలికి ఇంకదు. కాగితానికి మేలు చేసే బిగువు, నారా రెజినూ కలిసిన కాంపోజిట్‌కు అడ్డమవుతుంది! ఎక్కడ ఆపాలో పట్టుకోవడమే అసలు ఇంజనీరింగ్. పలుచని కాస్టిక్ సోడాలో నానబెడితే హెమిసెల్యులోజ్, కొంత లిగ్నిన్ పోయి, నార గరుకై రెజిన్‌ను బాగా పట్టుకుంటుంది. నొక్కేటప్పుడు వేడి 200 డిగ్రీలు దాటితే నార చెడిపోవడం మొదలవుతుంది.

మన పోటీ గాజు నారతో. ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో దాని సాంద్రత 2.5, మొక్కల నారది 1.5 దరిదాపు. తేలికలో మనదే గెలుపు. కానీ గాజు నీళ్లు తాగదు, సెల్యులోజ్ తాగుతుంది. గోదావరి ఒడ్డున వానాకాలపు గాలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

ఈ రోజు పట్టాలు అందుకున్న మీలో ఎవరైనా ఈ పని చేపడితే, పొడి పలకను లాగి కొలిచిన బలం ఒక్కటే రిపోర్టులో రాయకండి. ఒక రోజు నీళ్లలో ఉంచి మళ్లీ లాగండి. తక్కువే వస్తుంది, అదీ పక్కనే రాయండి. పలక కొనేవాళ్లు ముందు అడిగేది దాన్నే. టన్ను కట్టెకు రైతుకు ఎంత ఇవ్వగలమో కూడా ఇప్పుడే లెక్కవేయండి. ఆ లెక్క తేలకపోతే, పత్తి తీసేశాక కట్టె మళ్లీ మంటల్లోకే పోతుంది.