పూల్‌బల్ల పాకెట్ల కొలత



నేటి ప్రసంగవిషయము వినినంతనే కొందఱు పెద్దలు నవ్వుకొనవచ్చును. పంటలను గూర్చియో, కాలువనీటిని గూర్చియో, పశువుల జబ్బులను గూర్చియో మాటలాడవలసిన వేళ, ఆటబల్ల మూలలనున్న రంధ్రముల వెడల్పుతో మనకేమి పని యని అడుగవచ్చును. కాని యీ వెడల్పు కారణముగా నంద్యాలలో మా బంధువుల యింట తాతమనుమలు నాలుగు వారములు ఒకరితో నొకరు మాటలాడుకొనలేదు. ఆ తగవు తీర్చుటకు ఆళ్ళగడ్డనుండి నన్ను పిలిపించిరి. నేను ముప్పది యేండ్లు లెక్కలు చెప్పిన పంతులను. ఆటలో నాకు ప్రవేశము తక్కువ. కొలతలలో మాత్రము కొంచెము కలదు.

పూల్ అనునది బిలియర్డ్సు కుటుంబమునకు జెందిన యాట. పొడవైన బల్ల, దానిపై బిగువుగా పఱచిన ఉన్నిగుడ్డ, చుట్టును రబ్బరుతో చేసిన గట్టు. నాలుగు మూలల నాలుగును, పొడవు ప్రక్కల నడుమ రెండును, మొత్తము ఆఱు పాకెట్లుండును. తెల్లబంతిని కఱ్ఱతో పొడిచినచో అది పోయి రంగుబంతిని తాకవలెను. ఆ రంగుబంతి పాకెట్టులో పడవలెను. చిన్ననాడు వీథిలో గోళీలాడినవారికి ఇందలి మర్మము క్రొత్తది కాదు. గుంట పెద్దదిగా త్రవ్విన నాడు గుఱి లేనివాడును గెలిచెడివాడు. చిన్నదిగా త్రవ్విన నాడు వాడే మొదట తగవుపెట్టుకొని యింటికి బోయెడివాడు.

ఇది సీమదొరల యాట యని త్రోసివేయవలదు. దీని తోబుట్టువైన స్నూకరు మన దేశముననే, జబల్‌పూరు దండులో, 1875లో పుట్టినది. నెవిల్ చేంబర్లేన్ అను సైనికాధికారి దానిని కల్పించెనని చెప్పుదురు. ఉదకమండలము క్లబ్బులో దాని నియమములు కుదురుకొనినవి. 1958లో కలకత్తాలో జరిగిన పోటీలో విల్సన్ జోన్సు బిలియర్డ్సున ప్రపంచ విజేత యయ్యెను. ఒంటరి ఆటలలో అంతటి బిరుదు తెచ్చిన మొదటి భారతీయుడు ఆయనయే.

పాకెట్లను ఇఱుకు చేయవలెనను తలంపు మా మనుమనికే పుట్టినది కాదు. దానికి నూటయేబది యేండ్లు దాటినవి. ఇంగ్లండులో ఆ కాలమున కొందఱు ఆటగాండ్రు ఒకే దెబ్బను మరిగియుండిరి. ఎఱ్ఱబంతి పాకెట్టులో పడినపుడెల్ల దానిని తీసి బల్ల తలవైపునున్న చుక్కమీద మరల పెట్టుదురు. వారు దానిని మరల అదే మూలలోనికి త్రోయుదురు. ఇట్లే పదులకొలది మాఱులు. చూచువారికి నిద్ర వచ్చెడిది. అందుచేత 1870 ఫిబ్రవరి 11న లండనులో విజేత బిరుదుకై జరిగిన పోటీకి ప్రత్యేకముగా నొక బల్లను చేయించి, పాకెట్ల నోళ్ళను మూడంగుళములకు కుదించి, ఆ చుక్కను గట్టునకు దగ్గరగా జరిపిరి. ఆ దెబ్బలో అందెవేసిన చేయి విలియం కుక్ అను యువకునిది. అతనికి ఎదురు నిలిచినవాడు చిరకాలము బిరుదును నిలుపుకొనిన జాన్ రాబర్ట్సు. ఇఱుకు పాకెట్లు యువకుని చేతులు కట్టివేయునని పలువురు తలంచిరి. కాని 1200 పాయింట్ల ఆటలో కుక్కే 1200, రాబర్ట్సు 1083. ఈ సంగతిని నేను నంద్యాలలో చెప్పినపుడు మనుమడు చప్పట్లు కొట్టెను. తాత ముఖము ప్రక్కకు త్రిప్పుకొనెను.

ఇక వారి తగవు. మా బావగారు డెబ్బది దాటినవారు. రెండు కన్నులకును శుక్లములు తీయించుకొనిరి. వ్యాపారము కుమారునికి అప్పగించిన పిదప ప్రొద్దు గడువక, మిద్దెమీది పెద్దగదిలో ఎనిమిదడుగుల పూల్‌బల్లను క్రొత్తగా వేయించిరి. సాయంకాలము ఇద్దఱు ముగ్గురు స్నేహితులు వత్తురు, కాఫీ త్రాగుదురు, ఆడుదురు. బంతి పడినపుడు బావగారి ముఖమున కనిపించు వెలుగు ఆ యింటివారు అంతకుముందు రెండేండ్లుగా చూడలేదట.

అదే బల్లమీద మనుమడును ఆట నేర్చెను. ఇంట అతనికి ఎదురులేదు. ఆ ధైర్యముతో పొరుగూరిలో నొక పోటీకి పోయి, మొదటి ఆటలోనే ఓడి, రాత్రి బస్సులో తిరిగివచ్చెను. ఇంట పడిన దెబ్బలే అక్కడ పడలేదు. బంతి పాకెట్టు నోటికి పోయి, రెండు దవడల నడుమ టకటక కొట్టుకొని, వెలుపల నిలిచిపోయెనట. మరునాడే కఱ్ఱను మూల నిలిపి, "ఈ బల్ల నాకు అబద్ధము నేర్పినది. పాకెట్లు తగ్గింపుడు, లేదా నేను ఆడను" అనెను. తాత, "నా కన్నులకు ఇప్పుడున్న నోరే చిన్నది. తగ్గించినచో నేను దేనితో ప్రొద్దు పుచ్చవలెను?" అనెను. ఇద్దఱి మాటయు న్యాయమే. నడుమనున్న కుమారుడు, బల్లనే అమ్మివేసినచో పీడ పోవునని చెప్పి ఇద్దఱి కోపమును తనమీదికి తెచ్చుకొనెను.

నేను పోయి మొదట చేసినది కొలుచుట. పూల్‌బంతి అడ్డుకొలత రెండుంబావు అంగుళములు. రెండు బంతులను ప్రక్కప్రక్కన పెట్టినచో నాలుగున్నర. పోటీబల్లలకు అంతర్జాతీయ సంఘము విధించిన మూలపాకెట్టు నోరు నాలుగున్నరకును, నాలుగు అంగుళముల అయిదు ఎనిమిదవవంతులకును నడుమ నుండవలెను. అనగా రెండు బంతులు జంటగా పట్టవలెను. ఆపైన పెన్సిలు మందము కూడ మిగులరాదు. నడిమి పాకెట్లకు అర అంగుళము ఎక్కువ. నంద్యాలబల్లమీద మూడు మూలలలో రెండు బంతులు పెట్టిన పిదప అర అంగుళము సందు మిగిలెను. నాలుగవ మూలలో ముప్పావు అంగుళము. అమ్మినవాడు ఏ కొలతతో కోసెనో, ఏ తొందరలో కోసెనో! బావగారు ఎప్పుడును ఆ నాలుగవ మూలవైపే నిలిచి ఆడుదురని అపుడే నాకు తెలిసినది. నేనేమియు అనలేదు.

రెండవ పని మట్టము చూచుట. బల్ల వాలియున్నచో పాకెట్లనెంత సరిచేసినను ఫలము లేదు. ఈ బల్లకు ఉన్నిగుడ్డక్రింద పలకరాయియే యున్నది. మార్కాపురము నుండి వచ్చిన పలకలమీద ఓనమాలు దిద్దినవారు మీలో పలువురుందురు. అదే జాతి రాయిని అంగుళము మందమున చదునుచేసి మంచి బల్లలకు వాడుదురు. చెక్కవలె వానకు ఉబ్బదు, ఎండకు వంగదు. రసమట్టము పెట్టి చూడగా ఒక కాలుక్రింద సన్నని రేకుముక్క చాలినది.

పాకెట్టు తగ్గించుటకు రెండు త్రోవలు కలవు. గట్టు కొసను, పాకెట్టు నోటివైపు, గట్టిరబ్బరు బిళ్ళ అంటించియుండును. దానిక్రింద మఱియొక బిళ్ళ చేర్చుట మొదటి త్రోవ. ఇందులో నొక చిన్న లెక్క కలదు. నాలుగు మిల్లీమీటర్ల బిళ్ళను ఇరువైపుల అంటించినచో నోరు ఎనిమిది తగ్గునని తోచును. కాని గట్టు కొస ఏటవాలుగా కోయబడియుండుటచే తొమ్మిదికి పైగా తగ్గును. అయిదంగుళముల నోటిని పోటీబల్లల గరిష్ఠపు కొలతకు తెచ్చుటకు అది సరిగా సరిపోవును. అంతకుమించి బిళ్ళమీద బిళ్ళ పేర్చరాదు. దవడ రబ్బరుముద్ద యగును. సరిగా వచ్చిన బంతిని కూడ ఉమిసివేయును. ఇంటిలో నొకరు పాత హవాయిచెప్పుల అడుగును కోసి అంటించుదమనిరి. చెప్పునకు మెత్తదనము గుణము. ఇక్కడ అదే దోషము. బిళ్ళకు లోపలి రబ్బరుగట్టుకంటె ఎక్కువ గట్టితనము కావలెను.

రెండవ త్రోవ కష్టమైనది. గట్టును విప్పి, గుడ్డను ఊడదీసి, లోపలి చెక్క కొసకు క్రొత్త చెక్క అతికి, కోణము చూచి చిత్రికపట్టి, పొడవైన క్రొత్త రబ్బరు వేసి, మరల గుడ్డ బిగింపవలెను. నాలుగవ మూలకు ఇది తప్పలేదు. అక్కడ ఒక గట్టు అంగుళములో మూడవవంతు కురచగా కోయబడియుండెను. బిళ్ళలతో దానిని పూడ్చుట, కాలు కురచైన కుర్చీక్రింద కాగితములు మడచి పెట్టుటవంటిది.

దీనికై ఆళ్ళగడ్డ నుండి, శిరివెళ్ళ మీదుగా, నాకు పరిచయమున్న వడ్రంగిని వెంటబెట్టుకొని పోతిని. గుడితలుపులు చేయువాడు. ఆళ్ళగడ్డ శిల్పుల పేరు మీరు వినియేయుందురు; దేవతావిగ్రహములు చెక్కించుకొనుటకు దూరపుటూళ్ళవారు అక్కడికి వత్తురు. ఈ వడ్రంగి శిల్పుల నడుమ పెరిగినవాడు. బల్లను చుట్టివచ్చి, "రాతిపనిలో ఎక్కువ చెక్కినచో విగ్రహము పోయినట్లే. ఇక్కడ చేర్చుటయే గదా, అయ్యవారూ, తప్పినచో తీసివేయవచ్చును" అనెను. ఆ మాటతో తాత మొగము కొంత తేరెను. తీసివేయవచ్చునను సంగతి అంతవఱకు ఆయనకు ఎవరును చెప్పలేదు.

గట్టు కొసకు కోణము నూట నలుబదిరెండు డిగ్రీలు. మూలమట్టము ఇందుకు పనికిరాదు. నేను కాగితముమీద గీసి యిచ్చితిని. అతడు టేకుచెక్కతో నొక అచ్చు కోసెను. కొస పైనుండి క్రిందికి కూడ పండ్రెండు పదునైదు డిగ్రీలు లోనికి వాలియుండవలెను. లేనిచో బంతి పైకి ఎగురును. వెడల్పు సరిపోయి కోణము తప్పినచో, గట్టు వెంబడి దొరలివచ్చు బంతికి త్రోవ యుండదు. నన్నడిగినచో వెడల్పుకంటె కోణమే ముఖ్యము. కాని వెడల్పు అందఱికి కనబడును, కోణము కనబడదు. తగవులన్నియు వెడల్పు మీదనే. పని మూడు దినములు పట్టెను. అందులో రెండు దినములు ఆ నాలుగవ మూలకే చెల్లినవి. నడిమి పాకెట్లను ముట్టుకొనలేదు. అవి కొలతలోనే యున్నవి. తాతకు కొంత ఊఱటయు కావలెను.

నాలుగవనాటి సాయంకాలము ఇద్దఱును ఆడిరి. మనుమడు తాతకు మూడు బంతులు ముందుగా వదలెదననగా, "నీ భిక్ష నాకు వలదు" అని ఆయన కఱ్ఱ పట్టెను. తరువాత జరిగినది చూచి లెక్కలపంతులనైన నేనును ఆశ్చర్యపడితిని. మనుమడు అలవాటు చొప్పున బలముగా కొట్టెను; బంతి దవడకు తగిలి వెనుకకు వచ్చెను. మరల కొట్టెను, మరల వచ్చెను. తాత చేతిలో బలము లేదు. ఆయన కొట్టిన బంతి నెమ్మదిగా దొరలి, దవడను ఒరసికొని, అంచుమీద నొక క్షణము నిలిచి, లోపల పడెను. కారణము కష్టమైనది కాదు. వేగముగా పోవు బంతి దవడను తాకి ఎదుటి దవడకు ఎగురును. అక్కడనుండి వెలికి వచ్చును. నెమ్మదిగా వచ్చు బంతికి ఎగురు బలముండదు. ఒకసారి తాకి జాఱిపోవును. ఇఱుకు పాకెట్టు కంటిచూపు తక్కువైనవానిని కొంత శిక్షించునుగాని, చేతి దుడుకుతనమును అంతకంటె ఎక్కువగా శిక్షించును. ఆ రాత్రి గెలిచినది మనుమడే. కాని ఒక్క బంతి తేడాతో మాత్రమే.

దూరపు దెబ్బలు తాతకు ఇప్పుడు తఱచుగా తప్పుచున్నవి. దానిని దాచి ప్రయోజనము లేదు. మునుపు ఆయన స్నేహితులు నలుగురు వచ్చెడివారు. అందులో నొకరు ఇప్పుడు కాఫీకి మాత్రమే వచ్చుచున్నారు. మనుమడు మాత్రము పోటీకి వెళ్ళుటకు ముందు వేగము తగ్గించుట నేర్చుకొనవలెనని, ప్రొద్దున తాతను లేపి నెమ్మది దెబ్బ చూపించుకొనుచున్నాడు. మరల మాటలు కలిసినవి ఆ విధముగా.

ఈ నడుమ వానికి క్రొత్త కోరిక పుట్టెను. పెద్ద ఆటగాండ్రు కొందఱు నాలుగుంబావు అంగుళముల పాకెట్లమీద సాధన చేయుదురట. ఆ నోటిలో రెండు బంతులు జంటగా పట్టనే పట్టవు. అట్లు చేయుడని నాకు జాబు వ్రాసెను. తాత అదే జాబు అడుగున, "నేనున్నంతకాలము వలదు" అని తన చేతితో వ్రాసి సంతకము చేసెను. వడ్రంగి కోసిన టేకు అచ్చు ఆళ్ళగడ్డలో మా యింటి గోడమేకునకు వ్రేలాడుచున్నది. జాబునకు నేనింకను బదులు వ్రాయలేదు.